సింకు పైన గోడ లైటు: నీడ దగ్గర మొదలుపెట్టి బిగింపు దాకా

మన ఇళ్ళలో వంటగదికి వేసే దీపం చాలావరకు ఒకటే రకం. గుమ్మం పైన గాని, పక్క గోడ మీద గాని నాలుగడుగుల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఒకటి బిగించి, గది మధ్యలో నిలబడి చూసి, వెలుతురు చాలుతుందని అనుకుంటారు. కానీ గది మధ్యలో నిలబడి ఎవరూ పని చేయరు. సింకు ముందు నిలబడిన మనిషి ముఖం గోడవైపు, వీపు దీపంవైపు ఉంటాయి కాబట్టి తల, భుజాల నీడ సరిగ్గా చేతులున్న చోటనే పడుతుంది. రాత్రి తోమి బోర్లించిన మూకుడును పొద్దున కిటికీ వెలుతురులో తిప్పి చూస్తే చెవుల కింద జిడ్డు అలాగే కనిపించడానికి తోమినవారి అశ్రద్ధ కంటే ఈ నీడే ఎక్కువ కారణం.

20 వాట్ల బ్యాటెన్ తీసి 40 వాట్లది పెట్టినా ఈ నీడ పోదు. వెనక నుంచి వచ్చే వెలుతురు ఎంత పెంచినా అది అదే వీపుకు తగిలి ఆగిపోతుంది. కావలసింది ఎదుటి నుంచి వచ్చే వెలుతురు, అంటే సింకు పైన గోడకు బిగించే చిన్న లైటు. ఆ లైటును దుకాణంలో అందం చూసి కొనుక్కొచ్చి, తరువాత ఇంట్లో దానికి చోటు వెతకడం మామూలుగా జరిగేది. నేనూ అదే చేసి నష్టపోయాను. ఆ సంగతి ఆకారం గురించి రాసినచోట చెబుతాను. ఇక్కడ క్రమాన్ని తిరగేసి, ముందు నీడను, ఆపై చోటును, ఎత్తును, వెలుతురు మోతాదును, రంగును, నీటికి తట్టుకునే గుణాన్ని, తీగలను తేల్చుకుని, అన్నీ అయ్యాక ఆకారం దగ్గరకు వెళదాం.

1. చీకటి పడ్డాక ఫోను టార్చితో పరీక్ష

ఈ పరీక్షకు పగటి పూట పనికిరాదు. రాత్రి వంటగది దీపం వేసి, సింకులో ఒక స్టీలు పళ్ళెం పెట్టి, అంట్లు తోమేటప్పుడు ఎలా వంగుతారో అలాగే వంగి నిలబడాలి. ఇంట్లో రోజూ ఆ పని చేసేవారే నిలబడాలి గాని, ఇల్లు చూడడానికి వచ్చిన ఎలక్ట్రీషియనో, డబ్బు పెట్టే యజమానో కాదు. మనిషి ఎత్తు మారితే నీడ కూడా మారుతుంది.

ఇప్పుడు మరొకరు ఫోను టార్చి వెలిగించి, దాని ముందు పలచని తెల్ల కాగితం ఒకటి అడ్డుపెట్టి, గోడకు దగ్గరగా కిందికి తిప్పి పట్టుకోవాలి. కాగితం లేకపోతే టార్చి ఒకే చుక్కలా వెలిగి, అసలు లైటు ఇచ్చేదానికంటే పదునైన నీడలు వేస్తుంది. ముందు సింకు నడిమికి సూటిగా పట్టి, తరువాత ఒక అడుగు ఎడమకు, మళ్ళీ ఒక అడుగు కుడికి, ఆపైన కొంచెం పైకీ కిందికీ జరుపుతూ ఉంటే, పళ్ళెం మీద చేతి నీడ ఎక్కడ తగ్గుతుందో, కళ్ళకు ఎక్కడ గుచ్చుకుంటుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. కుడిచేతివాటం వారికి లైటు నడిమి నుంచి కాస్త ఎడమకు ఉంటే పీచు పట్టుకున్న చేతి నీడ పని మీద పడకుండా పక్కకు పోతుంది. బాగున్న చోట చిన్న స్టిక్కరు అంటించి, నేల నుంచి, గట్టు నుంచి ఎన్ని అంగుళాలుందో రాసుకోవాలి.

అదే సమయంలో అడ్డంకులు కూడా చూసుకోవాలి. సింకు పక్కన ఆర్.ఓ. నీళ్ళ యంత్రం గోడకు వేలాడుతూ ఉంటే అది ఒకవైపు వెలుతురును మింగేస్తుంది. గోడకు బిగించిన గిన్నెల స్టాండు మరీ ఇబ్బంది, ఎందుకంటే లైటు దాని వెనకో, పైనో పడితే స్టీలు చువ్వల నీడ సింకంతా చారలుగా పరుచుకుంటుంది. ఒక్కోసారి లైటు జరపడం కంటే స్టాండును రెండడుగులు పక్కకు మార్చడమే తెలివైన పని.

2. సింకు ముందు గోడ ఉందా, కిటికీ ఉందా

వాస్తు పట్టించుకుని కట్టిన ఇళ్ళలో పొయ్యిని ఆగ్నేయానికి, సింకును ఈశాన్యానికి ఉంచుతారు కాబట్టి సింకు తూర్పు గోడనో ఉత్తర గోడనో ఆనుకుని ఉంటుంది, దాని పైన చాలా ఇళ్ళలో కిటికీ ఉంటుంది. పగటికి అది మంచిదే. రాత్రికి అదే చిక్కు: లైటు బిగించాల్సిన చోట గోడ ఉండదు, పైగా చీకటి పడ్డాక కిటికీ గాజు నల్లటి అద్దంలా మారి గదిలోని దీపాన్ని తిరిగి మన కళ్ళలోకి కొడుతుంది.

కిటికీ ఉన్నచోట రెండు దారులున్నాయి. మొదటిది, ఏడడుగుల ఎత్తులో ఉండే లింటెల్‌కు (కిటికీ మీది దూలానికి) పైన మిగిలిన గోడకు, కొంగ మెడలా వంగిన గొట్టం చివర కిందికి తిరిగిన టోపీ ఉండే లైటు బిగించడం. రెండడుగుల వెడల్పు గట్టు మీద సింకు నడుము గోడకు దాదాపు అడుగు దూరంలో ఉంటుంది కనుక ఆ గొట్టం గోడ నుంచి 8 నుంచి 12 అంగుళాలు ముందుకు రావాలి. అంతకంటే పొట్టిదైతే వెలుతురు సగం కిటికీ చట్రం మీదే ఖర్చవుతుంది. రెండోది, కిటికీకి రెండు పక్కలా చెరొక చిన్న లైటు పెట్టడం. ఇది ఖర్చు ఎక్కువైన పద్ధతి, తీగలు కూడా రెండు చోట్లకు లాగాలి, కానీ రెండు వైపుల నుంచి వచ్చే వెలుతురులో ఒక చేతి నీడను రెండో దీపం చెరిపేస్తుంది కాబట్టి నాకు దీనికి మించినది కనపడలేదు. కిటికీ రెక్కలు గాని, దోమల జాలీ గాని లోపలికి తెరుచుకునేవైతే అవి పూర్తిగా తెరిచి చూశాకే చోటు ఖాయం చేయాలి.

సింకు పైన అల్మారా ఉంటే గోడ లైటు ఆలోచనే మానుకోవడం మేలు. అల్మారా అడుగున, గోడవైపు కాకుండా ముందు అంచుకు దగ్గరగా, అడుగు నుంచి అడుగున్నర పొడవున్న సన్నని లైటు బిగించి, అది కంటికి కనపడకుండా అంగుళం పట్టీ ఒకటి ముందు అంచుకు దించాలి. గోడవైపు పెడితే టైళ్ళు వెలుగుతాయి, చేతులు వెలగవు.

ఏ అడ్డూ లేని ఖాళీ గోడ అన్నిటికంటే సులువు. దాని గురించి వేరే చెప్పేది లేదు. వెనక బాల్కనీలో, పెరటి వాష్ ఏరియాలో అంట్లు తోముకునే సింకు మాత్రం ఆరుబయటి కిందే లెక్క, దానికి నీటి భాగంలో చెప్పిన కట్టుబాట్లు మరింత గట్టిగా వర్తిస్తాయి.

3. ఎత్తు: టేపు కంటి దాకా పట్టాలి

దుకాణంలో గాని, ఇంటర్నెట్‌లో గాని గట్టుకు 30 అంగుళాల పైన బిగించమని చెబుతారు. ఈ లెక్క తప్పు కాదు, సగమే. మన గట్టు ఎత్తు 33 అంగుళాలనుకుంటే లైటు నేల నుంచి 63 అంగుళాల ఎత్తున వస్తుంది. అయిదడుగుల రెండంగుళాల మనిషి కన్ను నేల నుంచి దాదాపు 58 అంగుళాల ఎత్తున ఉంటుంది. అంటే దీపం కంటికి అయిదు అంగుళాల పైన, ఎదురుగా, రెండడుగుల దూరంలో ఉందన్నమాట. ముసుగు లేని బల్బు అక్కడ ఉంటే గిన్నెలో ఏముందో కనపడడం అటుంచి, తల పక్కకు తిప్పిన తరువాత కూడా కళ్ళ ముందు పచ్చటి మచ్చ ఆడుతుంది.

అదే ఇంట్లో అయిదడుగుల పది అంగుళాల మనిషి అదే సింకు దగ్గర నిలబడితే అతని కన్ను దీపం కంటే మూడు అంగుళాల పైన ఉంటుంది. కింద ముసుగున్నా పైన తెరిచి ఉన్న టోపీ అయితే బల్బు నేరుగా కంట్లో పడుతుంది. కాబట్టి ఇంట్లో అందరికంటే పొట్టివారి కన్ను, పొడుగువారి కన్ను ఎంత ఎత్తున ఉన్నాయో రెండూ కొలిచి, ఆ రెండు చోట్ల నుంచీ వెలిగే భాగం నేరుగా కనిపించని లైటును ఎంచుకోవాలి. గట్టుకు 30 నుంచి 36 అంగుళాల మధ్య బిగించేటట్టయితే పాలరంగు మూత పూర్తిగా కప్పిన పట్టీ లైటు, లేదా అంచు బల్బు కంటే కిందికి దిగిన టోపీ లైటు సరిపోతాయి. ఏడడుగులకు పైన బిగిస్తే కంటి బాధ చాలావరకు తీరుతుంది, కానీ వెలుతురు పలచబడుతుంది. ఎంత పలచబడుతుందో వెంటనే కింద చూద్దాం.

4. వెలుతురు మోతాదు: వాట్లు చూడకూడదు

వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి గాని వెలుతురును చెప్పవు. పెట్టె మీద ల్యూమెన్లు అని రాసి ఉన్న అంకె దీపం నుంచి మొత్తం బయటికి వచ్చే వెలుతురు. లక్స్ అన్నది ఆ వెలుతురు ఒక చదరపు మీటరు చోటు మీద ఎంత పడుతుందో చెప్పే కొలత. అంట్లు తోమడానికి 300 లక్స్ ఉంటే హాయిగా ఉంటుంది. సింకు పక్కనే కూరలు తరిగే అలవాటుంటే 500 దాకా కావాలి. అరవై దాటిన కంటికి అదే వెలుతురు తక్కువగా తోస్తుంది కనుక ఇంట్లో పెద్దవారు పని చేస్తుంటే పై అంకెనే పట్టుకోవాలి.

800 ల్యూమెన్ల బల్బు ఒకటి తీసుకుందాం. దాన్ని గట్టుకు 30 అంగుళాల పైన, వెలుతురంతా కిందికే పరిచే లైటులో పెడితే సరిగ్గా దాని కింద లెక్క ప్రకారం దాదాపు 440 లక్స్ పడుతుంది. అదే బల్బును, అదే ఎత్తులో, గుండ్రటి పాలగాజు బుడ్డిలో పెడితే వెలుతురు అన్ని వైపులకూ సమానంగా పంచుకుపోయి కింద 110 లక్స్ మాత్రమే మిగులుతుంది. ఒకే బల్బు, ఒకే కరెంటు బిల్లు, నాలుగో వంతు వెలుతురు. ఇక మొదటి లైటునే కిటికీ పైకి, నేల నుంచి ఏడున్నర అడుగులకు ఎత్తితే గట్టు నుంచి దూరం 57 అంగుళాలవుతుంది, వెలుతురు 120 లక్స్‌కు పడిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతవుతుందన్న సూత్రమే దీనికి కారణం. గోడల నుంచి తిరిగి వచ్చే వెలుతురు కొంత కలుస్తుంది, మూత కొంత తినేస్తుంది కాబట్టి ఇవి అంచనా అంకెలే, అయినా ఎంపికకు చాలు.

దీని ప్రకారం తక్కువ ఎత్తులో బిగించే, కిందికి వెలుతురు పంపే లైటుకు 800 నుంచి 1000 ల్యూమెన్లు, అంటే ఇప్పటి ఎల్‌ఈడీల్లో 8 నుంచి 10 వాట్లు సరిపోతాయి. కిటికీ పైన బిగించే కొంగమెడ లైటుకు 1500 నుంచి 2000 ల్యూమెన్లు కావాలి, టోపీ లోపల తెల్లగా ఉండి వెలుతురును ఒకచోటికి మళ్ళించేదై ఉండాలి. 10 వాట్ల దీపం రోజుకు నాలుగు గంటలు వెలిగితే నెలకు అయ్యే ఖర్చు 1.2 యూనిట్లు, అందుకని కరెంటుకు వెనకాడి చిన్న లైటు పెట్టడం అర్థం లేని పొదుపు.

గోడ, గట్టు రంగులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. తెల్ల టైలు తన మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తిరిగి ఇస్తుంది. పాత ఇళ్ళలోని కడప బండ దాదాపు అంతా తాగేస్తుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ గ్రానైటుది ఇంకో గుణం: బంగారు చుక్కలున్న ఆ నల్ల రాయికి అద్దంలా నునుపు పెట్టి ఉంటుంది కాబట్టి వెలుతురును పరచదు, పైనున్న దీపాన్ని బొమ్మలా చూపిస్తుంది. అటువంటి గట్టు మీద ఎల్‌ఈడీ చుక్కలు విడివిడిగా కనిపించే లైటు పెడితే సింకు పక్కన ముప్పై చిన్న దీపాలు గుచ్చుకుంటూ ఉంటాయి. నల్ల గ్రానైటు ఉన్న ఇంట్లో పాలరంగు మూత తప్పనిసరి అని నా అభిప్రాయం.

5. రంగు: పసుపు మరక చెప్పే తీర్పు

మన దుకాణాల్లో మూడు రంగులు దొరుకుతాయి: 3000 కెల్విన్ల పసుపు వెలుతురు, 4000 కెల్విన్ల మధ్యరకం, 6500 కెల్విన్ల నీలిఛాయ తెలుపు. మన ఇళ్ళలో ఎక్కువగా మూడోదే కొంటారు, అది తెల్లగా ఉంటుంది కనుక వెలుతురు ఎక్కువని నమ్మకం. నిజానికి రంగుకూ మోతాదుకూ సంబంధం లేదు.

తేడా తెలియాలంటే సాంబారు తిన్న తెల్ల పింగాణీ పళ్ళేన్ని కడిగి చూడాలి. 3000 కెల్విన్ల కింద పళ్ళెమంతా లేత పసుపుగానే ఉంటుంది కాబట్టి అంచున మిగిలిన పసుపు మరక దానిలో కలిసిపోతుంది. 6500 కింద మరక స్పష్టంగా కనపడుతుంది, కానీ కడుగుతున్న ఆకుకూర నిర్జీవంగా, కోడిమాంసం పాలిపోయినట్టు అగుపిస్తాయి. 4000 కెల్విన్లు ఈ రెండింటి మధ్య నిలుస్తాయి, నేను అదే సూచిస్తాను. గదిలోని మిగతా దీపాలు 6500 అయితే ఒక్క సింకు దగ్గర వేరే రంగు మొదటి వారం ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. వీలైతే పెద్ద దీపాన్ని కూడా 4000కు మార్చుకోవచ్చు.

పెట్టె మీద సి.ఆర్.ఐ. అనే అంకె కూడా ఉంటుంది. వస్తువుల రంగులను దీపం ఎంత నిజంగా చూపుతుందో నూటికి వేసిన మార్కు అది. 80కి తగ్గితే కొనకూడదు. 90 దొరికితే కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు. ముఖ్యంగా ఎరుపును సరిగా చూపడంలో చౌక ఎల్‌ఈడీలు విఫలమవుతాయి. ఎర్ర గోంగూర కాడలు వాటి కింద గోధుమరంగులోకి దిగిపోయి, ఏది తాజా ఏది వాడినది తెలియకుండా పోతుంది.

కొనేముందు దుకాణంలోనే వెలిగించమని అడిగి, ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి చూడాలి. తెరమీద వెలుతురు దడదడా కొట్టుకుంటుంటే లోపలి డ్రైవరు, అంటే ఎల్‌ఈడీకి కరెంటును సర్ది ఇచ్చే భాగం, నాసిరకం. మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వందసార్లు ఆ దీపం మినుకుతోంది. కంటికి తెలియకపోయినా అలాంటి దీపం కింద ఎక్కువసేపు పని చేస్తే కొందరికి తలనొప్పి వస్తుంది.

6. నీరు, ఆవిరి, ఉప్పు, సున్నపు మరక

కుళాయి విప్పగానే గిన్నె అడుగుకు కొట్టిన ధార ఎంత ఎత్తుకు చిందుతుందో టైళ్ళ మీది మరకలు చూస్తే తెలుస్తుంది. లైటు ఆ మరకలకు పైన ఉండడం మొదటి రక్షణ. రెండోది పెట్టె మీద ఐపీ అనే అక్షరాల పక్కనున్న రెండంకెలు. మొదటి అంకె దుమ్ము, పురుగులు, తీగల వంటి ఘనపదార్థాల గురించి, రెండోది నీటి గురించి. ఐపీ 20 అంటే నీటి నుంచి ఏ రక్షణా లేదు. హాలులో పెట్టుకోవచ్చు, సింకు పైన వద్దు. ఐపీ 44 అంటే మిల్లీమీటరు మందం పైబడినవేవీ లోపలికి పోవు, ఏ దిక్కు నుంచి చింది పడినా నీరు హాని చేయదు. ఇంటి లోపలి సింకుకు ఇది చాలు. వాన జల్లు కొట్టే బాల్కనీ సింకుకు ఐపీ 65 తీసుకోవాలి.

లోహం విషయంలో ఊరిని బట్టి నిర్ణయం మారాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపుటొడ్డు ఊళ్ళలో ఇనుప రేకుకు రంగు పూసిన లైటు ఉప్పుగాలికి స్క్రూ తలల దగ్గర మొదలై తుప్పు పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం, పాలికార్బనేట్ ఎక్కువ కాలం నిలుస్తాయి. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే అడగాలి, లేకపోతే మంచి లైటు కింద టైలు మీద ఎర్రటి చార కారుతుంది. హైదరాబాదు బోరు నీళ్ళున్న ఇళ్ళలో తుప్పు కంటే తెల్లటి సున్నపు మచ్చలు పెద్ద బాధ. మెరిసే క్రోమ్ మీద, నల్ల గాజు మీద అవి వెంటనే కనపడతాయి, మసక తెలుపు మీద కనపడవు. మడతలు, పువ్వుల నగిషీ ఉన్న ఇత్తడి లైట్లు పూజగదికి అందం. వంటగదిలో తాళింపు పొగ, నూనె ఆవిరి వాటి సందుల్లో పేరుకుని ఏడాదిలో బంకగా మారతాయి.

7. తీగలు: ఇక్కడ పొదుపు వద్దు

తడి చేతులు, స్టీలు సింకు, తడి నేల, కరెంటు ఒకేచోట కలిసే స్థలం ఇంట్లో వంటగదే. లైటు లోహపు ఒంటిదైతే ఆకుపచ్చ ఎర్త్ తీగను దాని దాకా లాగి బిగించాల్సిందే. చాలామంది పనివాళ్ళు ఫేజు, న్యూట్రల్ తీగలు మాత్రమే లైటుకు కలిపి, ఎర్త్‌ను చుట్టి గోడలో తోసేస్తారు, కాబట్టి బిగించేటప్పుడు దగ్గరుండి చూడాలి. చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న లైట్లకు ఎర్త్ అవసరం లేదు, వాటికి రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది; ప్లాస్టిక్ పట్టీ లైట్లలో చాలావాటి మీద ఈ గుర్తు కనిపిస్తుంది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే లైటు కొనే డబ్బుతో ముందు అది పెట్టించండి. నిరుడు పెట్టించామన్నవారు దాని మీది టెస్ట్ మీట ఒకసారి నొక్కి అది పడుతుందో లేదో చూడాలి.

లైటుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది. కట్టుబడి సాగుతున్న ఇల్లయితే టైళ్ళు వేయకముందే గాడి కొట్టి పైపు వేయించి, కొలత రాసిపెట్టుకోవాలి. టైళ్ళు వేసిన ఇంట్లో పగలగొట్టడం కంటే కేసింగ్ పట్టీలో తీగ లాగడమే మేలు. పైన అల్మారా అంచు వెంట తీసుకొస్తే అది కంటపడదు. స్విచ్చి సింకు అంచు నుంచి కనీసం రెండు మూడు అడుగులు పక్కకు ఉండాలి, తడి చేయి చాచితే అందకూడదు.

లైటు లోపలి హోల్డరు సంగతి కూడా కొనేటప్పుడే చూడాలి. మన పాత బల్బులకు పిన్ను హోల్డరు, అంటే బి22. బయట అమ్మే అలంకార లైట్లలో ఎక్కువ మర హోల్డర్లు, అంటే ఇ27. ఊళ్ళో దొరికే బల్బు పట్టేదే తీసుకోవాలి. బల్బు విడిగా లేని, ఎల్‌ఈడీ పలక లోపలే అతికించిన లైట్లు సన్నగా బాగుంటాయి గాని, పాడైతే మొత్తం మార్చాలి. డ్రైవరునైనా విడిగా మార్చగల వాటిని వెతకండి. వోల్టేజి ఎగుడుదిగుడులున్న ఊళ్ళలో పెట్టె మీద రాసిన పరిధి విశాలంగా ఉన్నవి కొనాలి. అమెరికాలో ఉన్న పిల్లలు ముచ్చటపడి తెచ్చిచ్చే గోడ లైట్లు అక్కడి 120 వోల్టులకు చేసినవి. ఎల్‌ఈడీ లోపలే ఉన్నవైతే మన 230 వోల్టులకు మొదటి మీటతోనే పోతాయి. బల్బు మార్చుకునేవి కూడా వాటి తీగలు, హోల్డరు ఎన్ని వోల్టులకు చేసినవో చూడకుండా బిగించరాదు.

8. ఉసిళ్ళు, బల్లులు

తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు దీపం చుట్టూ మూగి రెక్కలు రాల్చడం అందరూ చూసినదే. ఆ దీపం సింకు పైన ఉంటే రెక్కలు కడిగిన గిన్నెల్లో రాలతాయి. నోరు పైకి తెరిచి ఉన్న గాజు గిన్నెలాంటి లైట్లలో అవి చచ్చి పోగవుతాయి కనుక అటువంటివి ఎంత అందంగా ఉన్నా వద్దు. అన్ని వైపులా మూసిన పట్టీ లైటుకు ఈ బెడద తక్కువ. నీలిఛాయ తెలుపు పురుగులను ఎక్కువగా పిలుస్తుంది, 6500 వద్దనడానికి ఇదొక అదనపు కారణం.

బల్లి సంగతి వేరు. లైటు వీపుకూ గోడకూ మధ్య అర అంగుళం సందున్నా ఆ వెచ్చదనానికి బల్లి కాపురం పెడుతుంది, కింద సింకు ఉంది. కాబట్టి గోడకు అతుక్కుని కూర్చునే చదును వీపు లైటే కావాలి.

9. ఇప్పుడు ఆకారం

ఇంత దూరం వచ్చాక మిగిలే ఆకారాలు నాలుగైదే. ఎక్కువ ఇళ్ళకు నా ఎంపిక, స్నానాల గదిలో అద్దం పైన పెట్టే సన్నని పట్టీ లైటు. అడుగున్నర నుంచి రెండడుగుల పొడవుంటే అది సింకు అంతటి వెడల్పు నుంచి వెలుతురు దింపుతుంది, కాబట్టి నీడ అంచులు కరిగిపోయినట్టుంటాయి. తడి గదికి చేసిన సరుకు కనుక నీటి రక్షణ ఉన్నవి సులభంగా దొరుకుతాయి. వెలుతురు ముఖం మీదికి కాక కిందికి తిరిగేలా ఒరగగల రకం దొరికితే మరీ మంచిది. కిటికీ ఉన్నచోట కొంగమెడ లైటు, బాల్కనీలో మూత ఉన్న గుండ్రటి బల్క్‌హెడ్ లైటు. మడత చేతి లైట్లు చూడముచ్చటగా ఉంటాయి, వాటి కీళ్ళు జిడ్డుకు బిగుసుకుపోతాయి. గుండ్రటి పాలగాజు బుడ్డి ఎందుకు చాలదో పైన లెక్కలోనే ఉంది.

పైకీ కిందికీ రెండు వెలుతురు పాయలు చిమ్మే స్తంభం లాంటి లైటు గురించి మాత్రం కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే నేను మా ఇంటికి మొదట కొన్నది అదే. దుకాణం గోడ మీద అది విప్పిన రెండు తామరరేకుల్లా వెలుగుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఇంటికి తెచ్చి, కొత్త టైలుకు రెండు కన్నాలు వేయించి, నేల నుంచి ఆరడుగుల ఎత్తున బిగించాం. రాత్రి వెలిగిస్తే గోడ మీద తామరరేకులు వచ్చాయి గాని, సింకు అంతకుముందు ఎంత చీకటిగా ఉందో అంతే చీకటిగా ఉంది. వెలుతురులో సగం కప్పుకు పోయింది. మిగతా సగం సన్నని పాయగా గోడ వెంట జారి కుళాయి మొదట్లో చిన్న వలయంగా ఆగిపోయింది, గోడకు అడుగు దూరంలో ఉన్న గిన్నెల దాకా రాలేదు. ఆరు నెలలు ఓర్చుకుని తీసేశాం. ఇప్పుడున్న పట్టీ లైటు ఆ కన్నాలకు తొమ్మిది అంగుళాల కింద ఉంది, కన్నాల మీద తెల్ల సిమెంటు చుక్కలు.

10. బిగింపు

కన్నం వేసే ముందు లైటు వీపు కొలతకు అట్టముక్క కత్తిరించి, మొదటి రాత్రి స్టిక్కరు పెట్టిన చోట అంటించి, రెండు రోజులు అలాగే ఉంచండి. కుళాయి మెడకు, అల్మారా తలుపుకు, తలకు తగులుతుందేమో ఈ రెండు రోజుల్లో తెలుస్తుంది. తరువాత మెయిన్ ఆపి, టెస్టరుతో తీగ చూసి, టైలు మీద కాగితం టేపు అతికించి, టైలుకు వాడే బల్లెం మొన బిట్టుతో, సుత్తి దెబ్బ లేని మోడ్‌లో, నెమ్మదిగా టైలు దాటేవరకు తిప్పించాలి. టైలు దాటాక గోడలోకి మామూలు బిట్టు వాడవచ్చు. టైళ్ళ అంచులకు దగ్గరగా కన్నం వేస్తే బీట వస్తుంది కనుక వీలైనంతవరకు టైలు నడిమికి రానివ్వండి. దీనికోసం లైటును అంగుళం అటూ ఇటూ జరపవలసి వస్తే జరపడమే నయం. ప్లగ్గులు పెట్టి లైటు బిగించాక, పైనా రెండు పక్కలా సిలికాన్ సన్నగా పూయాలి. అడుగున పూయకూడదు. ఎంత మూసినా ఎక్కడినుంచో చెమ్మ వెనక్కు చేరుతుంది, అది కిందినుంచి కారిపోవడానికి ఆ ఒక్క దారి ఉండాలి. నాలుగు వైపులా మూస్తే నీళ్ళు లోపలే నిలిచి తీగల జాయింటును తినేస్తాయి.

బిగించిన రాత్రి మెయిన్ వేసి, గదిలోని మిగతా దీపాలు ఆపి, సింకులో మళ్ళీ ఆ స్టీలు పళ్ళేన్నే పెట్టి చూడండి. పళ్ళెంలో దీపం మెరుపు కళ్ళకు తగులుతుంటే లైటును ఒకటి రెండు డిగ్రీలు గోడవైపు ఒరిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. తరువాత గది దీపం కూడా వేసి, రెండూ కలిసి వెలుగుతున్నప్పుడు నల్లటి ఇనుప పెనం ఒకటి కడిగి చూడాలి. ఆ నలుపులో మాడు ఎక్కడుందో, మెరుపు ఎక్కడుందో విడివిడిగా తెలిస్తే పనివాడికి డబ్బులిచ్చి పంపవచ్చు.